తాతయ్యకు ఒకటే పేరు

(మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడికలో మనవరాలు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాశాం. మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు కొన్ని తీసేశాం, మిగతాది అన్నట్టే ఉంచాం.)

అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, ఒంగోలు నుంచి, గుంటూరు నుంచి, హైదరాబాదు నుంచి పనులు మానుకుని వచ్చిన మా బంధువులకు, ఈ పల్లెలో తాతయ్య దగ్గర అక్షరాలు దిద్దుకున్న పెద్దవాళ్లందరికీ మా కుటుంబం తరఫున వందనాలు. నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. కాస్త ఎక్కువే పడుతుంది, ఓర్చుకోండి.

ఇంతకుముందు మాట్లాడినవాళ్లందరూ తాతయ్యను ప్రార్థనాపరుడు అన్నారు. నిజమే. నేను ఆ ఇంట్లోనే పెరిగాను కాబట్టి ఆ సంగతి నాకూ తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మొహం కడుక్కుని, నులక మంచం పక్కన మోకాళ్లూని, పేరుపేరునా ప్రార్థన చేసేవారు. పల్లెలో ఎవరికి జ్వరం, ఎవరి ఆడపిల్ల పురిటికి వచ్చింది, ఎవరి కొడుకు హైదరాబాదులో తాపీ పనికి పోయి నెలల తరబడి ఉత్తరం రాయలేదు, అన్నీ ఆ ప్రార్థనలో వచ్చేవి. మేం దుప్పటి కింద నుంచే ఊరి సంగతులన్నీ వినేవాళ్లం. దాని గురించి అయ్యగారు వాక్యంలో బాగా చెప్పారు, నేను మళ్లీ చెప్పను. నాకు మాత్రం తాతయ్య భక్తి ఆయన కలం పట్టుకున్నప్పుడు ఎక్కువగా కనిపించేది. ఏ కాగితం మీద ఏం రాస్తారు, దేని మీద సంతకం పెడతారు, దేని మీద పెట్టరు, దానివల్ల ఇంట్లో ఎవరు ఎంత నష్టపోయారు, ఈ సంగతులు ఈరోజు దాచుకోకుండా చెప్పుకోవాలని నా కోరిక. పెదనాన్నను ముందే అడిగాను. "చెప్పు, తర్వాత నేనూ మాట్లాడతాను" అన్నారు. అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

ముందు మన వెనకటి సంగతి కొంచెం. ఇక్కడ కూర్చున్న పిల్లలకు అది సండే స్కూల్లో పరీక్షకు చదివే పాఠం, తాతయ్యకు మాత్రం అది వాళ్ల తాత కథ. 1854 జనవరి ఒకటిన తెల్లవారకముందే అమెరికా బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొరగారు, వాళ్ల దొరసాని, నెల్లూరు జూలియమ్మ, ఇంకా ఒకరిద్దరు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఎవరినైనా పంపమని ప్రార్థించారు. ఆ కొండనే మనం ప్రార్థన కొండ అంటున్నాం. పన్నెండేళ్లకు, 1866లో, అదే మిషను నుంచి క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. అదే ఏడు ఎర్రగుంట్ల పేరయ్య గారు, తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగాయన, బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన వెనకాల ఆయన వాళ్లు, వాళ్ల చుట్టాలు, చుట్టాల చుట్టాలు వచ్చారు. మాదిగవాళ్లను చేర్చుకుంటే మేం రాము అని ఒంగోలు పెద్ద కులాలవాళ్లు అంటే, రాకపోయినా ఫరవాలేదని దొరగారు మనవాళ్లనే చేర్చుకున్నారు. ఇది మీరందరూ విన్నదే.

తాతయ్య ఎక్కువగా చెప్పింది దీని తర్వాతి సంగతి. 1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్లు. తిండి లేక జనం రోడ్ల మీద పడి చచ్చిపోతుంటే క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని మనవాళ్లకు కూలి ఇప్పించారు. మట్టి తవ్వే చోటే బోధకులు వాక్యం చెప్పారు, వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట ఆ జనం మీద పడకూడదని కరువు తగ్గి, సాయం పంచడం అయిపోయేదాకా ఆపారు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, మన గుండ్లకమ్మ ఏట్లోనే, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలో దిగారు. ఆ రోజు దొరగారు ఎవరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. మన తెలుగు బోధకులే ఒకసారి ఇద్దరు, వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగి ఇచ్చారు. ఆ జనంలో తాతయ్య వాళ్ల తాత కూడా ఉన్నారని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట.

"కరువులో గంజి పోస్తూ కూడా బాప్తిస్మం ఆపిన సంఘం మనది" అని తాతయ్య ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. ఆ మాట ఆయనకు ప్రాణం. ఎందుకు ప్రాణమో చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. పెదనాన్న సంగతి తెలిశాక అర్థమైంది. అక్కడికి వస్తాను.

మా ముత్తాత మోట బావులకు తోలు బానలు కుట్టేవారు. చదువు లేదు. ఒక ఏడు పెళ్లి ఖర్చుకు అప్పు చేసి నోటు మీద వేలిముద్ర వేశారు. తీరా చూస్తే తీసుకున్నదానికి రెట్టింపు రాసి ఉంది. చదివి చెప్పేవాడు లేడు, అడిగే ధైర్యం అంతకన్నా లేదు. ఆ అప్పు కింద ఆయన జీతానికి కుదిరారు, పెద్ద కొడుకూ కుదిరాడు, తాతయ్యను కూడా పశువుల వెంట పంపాలని ఆసామి అడిగాడట. అప్పుడు ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే మన బైబిల్ స్త్రీ ఒకామె, ఆమె పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేకపోవడం నాకు బాధ, వచ్చి ముత్తాతతో రోజంతా కూర్చుని, పిల్లవాణ్ణి ఒంగోలు బోర్డింగులో చేర్పించింది. పొట్టి నిక్కరుతో, ఒక సత్తు కంచం పట్టుకుని వెళ్లాడు. పంతులై తిరిగి వచ్చాడు. మిషను ఎలిమెంటరీ స్కూల్లో ఉద్యోగం ఇచ్చారు.

వచ్చాక ఆయన చేసిన మొదటి పని రాత్రి బడి. పగలంతా పొలాల్లో చేసి వచ్చిన మొగవాళ్లను, ఆడవాళ్లను మందిరం అరుగు మీద కూర్చోబెట్టి, పెట్రోమాక్స్ లైటు వెలిగించి, ముందు వాళ్ల పేరు వాళ్లు రాయడం నేర్పేవారు. బైబిల్ చదవడానికి చదువు అని మిషను వాళ్లు అనుకున్నారు, తాతయ్య అదీ నేర్పారు, కానీ ఆయన రెండో పాఠం మాత్రం ప్రామిసరీ నోటు. నిజం నోటు తెచ్చి, అసలు ఎక్కడ రాస్తారు, వడ్డీ ఎక్కడ రాస్తారు, అంకె పక్కన ఖాళీ వదిలితే ఏం చేస్తారు, అన్నీ వేలు పెట్టి చూపించేవారు. ఈ ముందు వరుసలో కూర్చున్న అవ్వలిద్దరూ ఆ బడిలోనే సంతకం నేర్చుకున్నారు. ఇందాక రిజిస్టరులో సంతకం పెడుతుంటే చూశాను, తాతయ్య నేర్పినట్టే చివర అక్షరం కింద గీత గీశారు. ఆ గీత తర్వాత ఎవరూ ఏమీ కలపకుండా ఉండటానికట.

తర్వాత సంఘం ఆయనను కోశాధికారిని చేసింది, సంఘ కార్యదర్శి రాతపనులు కూడా ఆయనకే వచ్చాయి, ఎందుకంటే చేతిరాత బాగుండేది. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటి వసారాలో చాప వేసి కానుకల సంచులు దులిపేవారు. చిల్లర పైసలు, ఎప్పుడో ఒకసారి ఒక పది నోటు. ఆడవాళ్లు వంటకు బియ్యం పోసేటప్పుడల్లా పిడికెడు పక్కన తీసి తెచ్చిన బియ్యం వేరే డబ్బాలో. ఇద్దరు పెద్దలు లేకుండా ఆయన ఆ సంచి మూతి విప్పేవారు కాదు. ఒకరు వానలో ఆలస్యమైతే అన్నం కూడా తినకుండా కూర్చునేవారు. మా చిన్నాన్న ఒకసారి, "నాన్నా, నీ మీద ఎవరికి అనుమానం?" అన్నాడట. "నా మీద లేదు. నా తర్వాత ఈ సంచి పట్టుకునేవాడి మీద రాకూడదు" అన్నారట. ఇది నాయనమ్మ చెప్పింది.

నాయనమ్మ ఇంకోటి కూడా చెప్పింది, కొంచెం కోపంగానే చెప్పింది. మన మందిరంలో కోడిగుడ్లు, సొరకాయలు, కోళ్లు కానుకగా తెస్తారు కదా, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. కోత పండుగ నాడైతే ధాన్యం బస్తాలు, మేకపిల్లలు కూడా. ఆ వేలంలో తాతయ్య ఏనాడూ పాడలేదు. నాయనమ్మకు ఒక పెట్ట మీద మనసైంది. "అందరిలాగే పాడితే ఏం పోయింది, డబ్బులిచ్చే కదా తీసుకునేది" అని అడిగింది. "పంతులు పాడుతున్నాడంటే మొహమాటానికి మిగతావాళ్లు ఆగిపోతారు, తక్కువకు వస్తుంది, అది సంఘానికి నష్టం" అన్నారట. ఆ పెట్ట ఎదురింటికి పోయింది. అది గుడ్లు పెట్టినన్నాళ్లూ నాయనమ్మ ఆయనకు ఆ సంగతి గుర్తు చేసిందట.

ఇప్పుడు అసలు సంగతి.

పెద్దవాళ్లకు తెలుసు గానీ పిల్లల కోసం చెబుతాను. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది. ఏయే కులాలు షెడ్యూల్డ్ కులాలో అందులో జాబితా ఉంది, మూడో పేరాలో హిందూ మతం కాని మతంలో ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు అని ఉంది. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో 1970లో బీసీ జాబితా వేసినప్పుడు షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు బీసీ-సీ అని ఒక గ్రూపు పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. రాష్ట్రంలో ఉన్న మనవాళ్లందరికీ కలిపి నూటికి ఒక్క సీటు. బాప్తిస్మం తీసుకున్నామని టీ కొట్టులో మన గ్లాసు వేరేగా పెట్టడం మానలేదు, ఊరి బావి దగ్గర మనవాళ్లను ముందుకు రానివ్వలేదు, వెట్టికి పిలవడం ఆపలేదు. అంటరానితనం మతం చూసి వదలదు గానీ ప్రభుత్వం మాత్రం మతం చూసి వదిలేసింది.

అందుకే మన పల్లెల్లో రెండు పేర్ల పద్ధతి వచ్చింది. మందిరంలో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు. మందిరంలో దావీదు, టీసీలో ఇంకేదో. ఇది మనందరికీ తెలిసిన సంగతే, ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడంలేదు. బిడ్డ కడుపు నిండాలని రాసుకున్నవాళ్ల మీద రాయి వేసే హక్కు నాకు లేదు, తాతయ్య కూడా ఏనాడూ వేయలేదు. కానీ ఆయన మాత్రం తన పిల్లలకు ఒకటే పేరు పెట్టారు, బడిలోనూ అదే రాశారు, మతం అని అడిగినచోట క్రైస్తవం అని రాశారు.

పెదనాన్న చదువులో చురుకు. ఇంటర్లో మంచి మార్కులు వచ్చాయి, మెడిసిన్‌కు అప్లికేషన్ పెట్టాలి. అప్పటికింకా కరణాల వ్యవస్థ ఉంది, 1984లో గదా తీసేసింది. సర్టిఫికెట్ కోసం వెళ్తే కరణం గారు, ఆయనకు తాతయ్యంటే గౌరవమే, మంచి ఉద్దేశంతోనే అన్నారు: "పంతులూ, హిందూ అని రాసేద్దాం. ఎవరొచ్చి అడుగుతారు? ఎస్సీ కింద పిల్లవాడికి సీటు ఖాయం." తాతయ్య చాలాసేపు ఏమీ అనలేదట. పెదనాన్న పక్కనే నిలబడి ఉన్నారు. చివరికి, "బాప్తిస్మం రిజిస్టరు నా చేతిరాతలోనే ఉందండీ. వీడి పేరు కూడా నేనే రాశాను. అదే చేత్తో ఇది ఎట్లా రాయను?" అన్నారట.

బీసీ-సీ అని రాయించుకుని వచ్చారు. లిస్టు వచ్చాక చూస్తే పెదనాన్న మార్కులకు ఎస్సీ కింద సీటు వచ్చేది. బీసీ-సీలో రాలేదు. ఆయన బీఎస్సీ చేసి, బ్యాంకు పరీక్ష రాసి, గుమాస్తాగా చేరారు. మంచి ఉద్యోగమే. కానీ ఆయన డాక్టరు కావాలనుకున్నారు. చాలా ఏళ్లు ఆయన ఇంటికొచ్చినప్పుడు సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చునేవారు కాదు. మేం పిల్లలం వరుసగా తలా ఒక వచనం చదువుతుంటే ఆయన బయట అరుగు మీద కూర్చునేవారు. తాతయ్య పిలిచేవారు కాదు. గొంతు మాత్రం కొంచెం పెంచి చదివేవారు, అరుగు దాకా వినపడేట్టు.

ఒకసారి ఆ ప్రార్థనలో తాతయ్య పేపరు చదవడం నాన్నకు బాగా గుర్తుంది. 1985లో సుప్రీంకోర్టు తీర్పు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన కేసు. అక్కడ చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులిచ్చింది, పక్కనే అదే పని చేసుకుంటున్న ఆయనకు క్రైస్తవుడని ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. తాతయ్య ఆ వార్త మొత్తం చదివి, పేపరు మడిచి, "మన నాన్న కూడా తోలే కుట్టాడు" అని, ఆ పూట ప్రార్థన నాయనమ్మను చేయమన్నారట.

ఇది జరిగి పదేళ్లకు ఇంకోటి జరిగింది, ఇది నా కళ్లారా చూశాను. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. దొంగ కుల సర్టిఫికెట్ల మీద 1993లో చట్టం వచ్చింది కదా, దాన్ని పట్టుకుని మన పల్లెలో ఒక అబ్బాయి మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఎస్సీ కింద ఉద్యోగం తెచ్చుకున్నాడు, నిజానికి క్రైస్తవుడు, సంఘం పుస్తకాలు చూడండి అని. విచారణకు ఒక అధికారి జీపులో వచ్చారు. నేరుగా మా ఇంటికే వచ్చారు, ఎందుకంటే పుస్తకాలు మా ఇంట్లోనే ఉంటాయని ఉత్తరంలో రాసి ఉంది.

పుస్తకాలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. తాతయ్య మంచం కింద ఇనప్పెట్టెలో. బాప్తిస్మాల రిజిస్టరు, ఆకుపచ్చ రెక్సిను అట్ట, మూలలు చివికిపోయినది. నాయనమ్మ టీ పెట్టి తెచ్చింది. అధికారి టీ తాగుతూ, "ఫలానా అబ్బాయి మీ సంఘ సభ్యుడేనా పంతులు గారూ?" అని అడిగారు. నేను గుమ్మం దగ్గర నిలబడి తాతయ్య మొహమే చూస్తున్నాను, ఎందుకంటే ఆ అబ్బాయి, నాకు అన్న వరస, మందిరంలో డోలక్ వాయించేవాడు, ఆ సంగతి పల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు, తాతయ్య అబద్ధం చెప్పరని కూడా తెలుసు, మరి ఇప్పుడు ఏం చెబుతారా అని నాకు ఒకటే టెన్షన్.

తాతయ్య అన్నారు: "ఆ పుస్తకాలు నావి కావండీ, సంఘానివి. సంఘం కూడి తీర్మానం చేస్తే చూపిస్తాను."

"పుస్తకం వద్దు, మీరు నోటితో చెప్పండి చాలు."

"నా గురించి అడగండి, చెబుతాను. నేను క్రైస్తవుణ్ణి. నా పిల్లలు క్రైస్తవులు. అందరి సర్టిఫికెట్లు తెచ్చి చూపిస్తాను. ఇంకొకరి విశ్వాసానికి నేను సాక్షిని కాదు. అతన్నే అడగండి."

అధికారికి కోపం వచ్చింది. గొంతు పెంచి, విచారణకు అడ్డు తగిలితే మీ పింఛను మీదికి వస్తుంది అన్నారు. తాతయ్యకు అప్పటికే రిటైరై కొంతకాలమైంది, పింఛను తప్ప వేరే ఆధారం లేదు. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "మీ పని మీరు చేయండి, నేను ఏమీ అనుకోను" అన్నారు. అంతే. ఆయన గొంతు పెరగలేదు. జీపు వెళ్లిపోయాక మంచం మీద కూర్చుంటే చేతులు వణకడం చూశాను. నాయనమ్మ మంచినీళ్లు ఇచ్చింది.

సంఘం కూడింది, ఎవరూ తీర్మానం ప్రతిపాదించలేదు, ఆ విచారణ అక్కడే ఆగిపోయింది. ఆ అబ్బాయి వాళ్ల నాన్న రాత్రిపూట వచ్చి తాతయ్య కాళ్ల మీద పడబోతే పట్టుకుని లేపి, పొగడ్తలు అవీ ఏమీ విననివ్వకుండా, "నువ్వు భయపడి మందిరానికి రావడం మానేశావు. ఆదివారం రా" అన్నారు. ఆ మాట నేను విన్నాను. అట్లా భయపడి మందిరానికి దూరమైనవాళ్లు అప్పట్లో చాలామంది, ఇప్పుడూ ఉన్నారు. వీళ్ల కోసం ఆయన తెల్లవారుజామున చేసే ప్రార్థనలో పేర్లు చెప్పేవారు కాదు, "రాలేకపోతున్నవాళ్లు" అనేవారు. పేర్లు ఎందుకు చెప్పరో ఆ రోజు తెలిసింది నాకు. గోడలకు చెవులుంటాయని.

ఈ సంగతి పెదనాన్నకు తెలిసింది. ఆ వారమే గుంటూరు నుంచి వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా అడిగారు: "పరాయివాడి కొడుకు కోసం పుస్తకం దాచావు. నీ కొడుకు కోసం ఒక్క మాట రాయలేకపోయావు." అన్నేళ్లుగా అరుగు మీద కూర్చుని అనుకున్నదంతా ఆ ఒక్క మాటలో వచ్చేసింది. నాన్న అడ్డం వెళ్లబోతే తాతయ్య చెయ్యి పట్టి ఆపారు.

"నీ కాగితం మీద సంతకం నాది నాయనా. వాళ్ల కాగితం మీద సంతకం నాది కాదు" అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు: "నీ సీటు పోయింది నా వల్లే. ప్రభువు పేరు చెప్పి తప్పించుకోను. కోపం నా మీద పెట్టుకో, మందిరం మీద పెట్టుకోకు."

పెదనాన్న ఆ రాత్రి ఉండలేదు, బస్సుకు వెళ్లిపోయారు. మళ్లీ క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మాత్రం కుటుంబ ప్రార్థనలో కూర్చున్నారు. ఏమీ మాట్లాడుకోలేదు ఇద్దరూ. వచనం వంతు వచ్చినప్పుడు చదివారు.

దీని మీద నా మాట చెబుతాను, వేరేగా అనుకునేవాళ్లు అనుకోవచ్చు. తాతయ్య చేసింది రెండుసార్లూ సరైనదే అని నా నమ్మకం. ఒకటి తన నోటితో చెప్పాల్సిన మాట, ఇంకోటి ఇంకొకరి మెడకు ఉరి అయ్యే మాట. కానీ ఆయన త్యాగాన్ని పొగిడి ఇళ్లకు వెళ్లిపోతే మాత్రం నేను ఒప్పుకోను. అసలు ఒక తండ్రి తన విశ్వాసానికీ కొడుకు సీటుకీ మధ్య నిలబడాల్సిన అవసరం ఎందుకొచ్చింది? పెదనాన్న సీటు పోగొట్టింది కరణం గారు కాదు, తాతయ్య కూడా కాదు, అది తన వల్లేనని ఆయన తల మీద వేసుకున్నా సరే. 1950 ఉత్తర్వులో ఉన్న ఆ మూడో పేరా పోగొట్టింది. 2004 నుంచి సుప్రీంకోర్టులో దాని మీద కేసు ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డ్ కులం హోదాకు మతంతో ముడి పెట్టవద్దని చెప్పింది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ గారితో మళ్లీ ఇంకో కమిషన్ వేశారు. ఆగస్టు 10న నిరసన దినం అని నోటీసు వస్తే మనలో ఎంతమంది వెళ్తున్నారు? తాతయ్య నడవగలిగినన్నాళ్లు వెళ్లారు. ఒంగోలు కలెక్టరేటు ముందు ఎండలో, గొడుగు వేసుకుని, చేతిలో అట్టముక్క పట్టుకుని. ఆ అట్టముక్క మీద అక్షరాలు కూడా ఆయన రాసినవే. నిబ్బరంగా, గుండ్రంగా.

ఆయన అన్ని విషయాల్లోనూ ఇట్లాగే ఉన్నారని నేను చెప్పను. చిన్నత్త హిందువుల అబ్బాయిని చేసుకుంటానంటే పెళ్లికి వెళ్లలేదు, ఎవరినీ వెళ్లనివ్వలేదు. అది తప్పని నేను పెద్దయ్యాక ఆయన ముందే అన్నాను. విన్నారు, బదులు చెప్పలేదు. మామయ్యకు ఆపరేషను అయినప్పుడు ఆస్పత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నది ఆయనే. అక్కడి నుంచి రాకపోకలు మొదలయ్యాయి. ఇవాళ వంటల దగ్గర అజమాయిషీ అంతా మామయ్యదే.

చివరి ఏడాది గురించి ఎక్కువ చెప్పను, నాయనమ్మ ముందు చెప్పలేను. చూపు మందగించింది, కలం పట్టుకోలేకపోయారు, అది ఆయనకు పెద్ద కష్టం. పింఛను కాగితాల మీద వేలిముద్ర వేయమంటే ఒప్పుకోలేదు. బ్యాంకు అమ్మాయి ఓపిగ్గా కూర్చుంటే, చాలాసేపు పట్టినా, సంతకమే పెట్టారు. కింద గీతతో సహా.

ఇనప్పెట్టె మాకు అప్పజెప్పారు. అందులో బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్లిళ్ల పుస్తకం, కానుకల లెక్కల పుస్తకాలు ఉన్నాయి. ఇవి సంఘం సొత్తు అని ఆయనే అన్నారు కాబట్టి ఈరోజు కూడిక అయ్యాక అయ్యగారికి, పెద్దలకు అప్పగిస్తున్నాం. లెక్కల పుస్తకాలు ఎవరైనా తిరగేసి చూడొచ్చు. బాప్తిస్మాల రిజిస్టరు విషయంలో మాత్రం మా కుటుంబం తరఫున ఒక విన్నపం: సంఘం తీర్మానం లేకుండా దాన్ని బయటివాళ్లకు ఇవ్వకండి, ఫోన్లో ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి. దానిలో ఉన్న పేర్లలో కొన్ని ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లవి. అయ్యగారూ, ఈ మాట మినిట్స్‌లో రాయించండి.

నేను చెప్పేది అయిపోయింది. పెదనాన్నా, మీరు రండి. ఆయన చెప్పేది నేను చెప్పినదానికి వేరుగా ఉండొచ్చు. ఆ రోజు కరణం గారి ఇంటి దగ్గర నిలబడింది ఆయన, నేను కాదు. అందుకని దయచేసి భోజనాలకు లేవకుండా ఆయన మాట కూడా పూర్తిగా వినండి. వందనాలు.